చెంపకు తెలిసిన తడి

నార ఎండిందో లేదో కళ్ళతో చూస్తే తెలియదు. చేత్తో పట్టుకున్నా తెలియదు, పని చేసి చేసి మా చేతులు మొద్దుబారిపోయి ఉంటాయి. చెంపకు ఆనించుకోవాలి. ఎండిన నార పసిపిల్ల నెత్తిమీది జుట్టులాగ తగిలీ తగలనట్టు ఉంటుంది. ఏ కాస్త తడి ఉన్నా చల్లగా తగులుతుంది, చెంప పట్టేస్తుంది. ఈ విద్య నాకు మా అమ్మ నేర్పింది. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, నాకొచ్చిన విద్యలన్నీ ఇలాంటివే. మొన్నటి కార్తీకంలో మా ఇంట్లో జరిగినదంతా ఈ విద్య చుట్టూనే తిరిగింది.

మాది కూర్మన్నపాలెం. మా అబ్బాయి తిరుమలరావు కాంట్రాక్టు పనికి పోతాడు, ఇనుము పని. వాడి కూతురు రోజారమణి ఇంజనీరింగు పూర్తిచేసి, ఆ పైచదువు చదువుతోంది. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం నేను వసారాలో కునుకు తీస్తుంటే ధబ్బుమని చప్పుడైంది. లేచి చూద్దును కదా, అది కుర్చీ ఎక్కి నిలబడి నా సన్నికల్లు పొత్రాన్ని కిందకి వదులుతోంది.

"ఓలే, నా పొత్రం పగిలిపోద్దే!"

"పొత్రం పగల్దు మామ్మా. నా పలకే పగిలిపోతంది. అదే నా ఏడుపు."

కింద చూస్తే అరచేతి వెడల్పున ఒక పలక రెండు ముక్కలై పడుంది. రేకు కాదు, చెక్క కాదు. దేనితో చేశావే అంటే, నార మీద జిగురు పోసి అచ్చులో నొక్కి చేశానంది. పైనా కిందా గాజుబట్ట, అంటే గాజుపోగులతో నేసిన బట్ట, మధ్యలో గోగునార. బొబ్బట్టులో పూర్ణంలాగ. పనిలో దెబ్బ తగలకుండా వాళ్ళ నాన్న నెత్తిన పెట్టుకునే పచ్చ టోపీ బరువు, ఉక్క. సూపర్‌వైజరు అటు తిరగ్గానే తీసి పక్కన పెట్టేస్తాడు. దానికి బదులు తేలిగ్గా ఉండే టోపీ చెయ్యాలని దీని ప్రయత్నం.

"గాజు ఒక్కదాన్తో చేస్తే గట్టిగానే ఉంటాది మామ్మా. కానీ పైనించి ఏదైనా పడిందనుకో, ఫెళ్ళున పగిలిపోద్ది. గోగు అలగ కాదు. దెబ్బ తీసుకుంటాది. కొంచెం వంగుతాది, సాగుతాది, దెబ్బని తనలో తాగేస్తాది. రెండూ కలిపితే గట్టిగానూ ఉంటాది, ఓర్చుకుంటాది కూడా."

"అత్తాకోడళ్ళని కలిపినట్టు."

"ఎవరు గాజు, ఎవరు గోగు?" అని లోపల్నించి మా కోడలు అడిగింది. నేను వినపడనట్టు పలక ముక్క చేతిలోకి తీసుకున్నాను.

విరిగిన అంచు పట్టుకు చూశాను. నార కొసలు పొట్టిగా, నల్లగా, తుక్కులాగ ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన.

"ఇది నారేటే? ఎక్కడ కొన్నావు?"

"బజార్లో. గోనెసంచుల మిల్లు తాలూకు మామ్మా."

"నీళ్ళల్లో ఎక్కువరోజులు వొదిలీసారు. కుళ్ళిపోయింది. కుళ్ళిన నార దెబ్బ తాగుతాదేటి? మా దాలయ్య ఇప్పటికీ పావెకరం గోగు ఏత్తాడు. ఆడి నార సూడు ఒకసారి. బంగారం తీగలాగుంటాది."

దాలయ్య నా తమ్ముడు. ఒక్కడే తమ్ముడు. ఊళ్ళో అందరూ గోగు మానేసి సరుగుడు వేసుకున్నా వాడు మానలేదు.

రోజారమణి కుర్చీ దిగి నా పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. కార్తీక పున్నమి వెళ్ళాక హైదరాబాదు నుంచి టోపీలు చేసే కంపెనీ వాళ్ళు కాలేజీకి వస్తారట. ఇది చేసిన పలకా, ఇంకో కుర్రాడు అరటినారతో చేసిన పలకా రెండూ మిషను కింద పెట్టి చూస్తారట. ఎవరి పలక నిలబడితే వాళ్ళకి రెండేళ్ళు ఆ కంపెనీలోనే ఉద్యోగం, ఈ పనే చెయ్యడానికి.

"నిలబడకపోతే?"

"నాన్న చెప్పీసాడు గదా. ఇంక చదివించలేను, ఏదో షాపులో చేరిపొమ్మని."

అది నవ్వుతూనే చెప్పింది. నేను మర్నాడే ప్రయాణం కట్టించాను.

*

దువ్వాడలో ప్యాసింజరెక్కి ఎలమంచిలిలో దిగి, ఆటోలో అరగంట పోతే మా పుట్టిల్లు. దాలయ్య గెడ్డలో మొలలోతు నీళ్ళలో ఉన్నాడు. గోగుకట్టలు ఊరేసి, పైన రాళ్ళు పెట్టి పదిహేను రోజులైందట. గట్టు దగ్గరికి పోతేనే ముక్కులదిరిపోయే కంపు. రోజారమణి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. చీర ఎగ్గట్టి దిగిపోయాను.

"ఓలప్పో, కాలు జారితే నీ కొడుకు నన్ను జైల్లో పెట్టిత్తాడు!" అని దాలయ్య అరిచాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. డెబ్భై ఏళ్ళు వస్తున్నా వాడు నన్ను ఆ పిలుపు పిలిస్తే నేను పదేళ్ళదాన్నే.

ఒక కర్ర పైకి లాగి గోటితో గీరాను. బెరడు జారింది గానీ కర్రని పూర్తిగా వదల్లేదు.

"ఇంకో మూడ్రోజులురా."

"నాలుగనుకున్నాను నాను."

"మూడే. నాలుగైతే కుళ్ళు."

"సరే తల్లీ, మూడే." వాడు నా మనవరాలి వైపు తిరిగి కన్ను గీటాడు. "మీ మామ్మ ఎళ్ళిపోయి యాభై ఏళ్ళయింది. ఈ ఊళ్ళో నీళ్ళు ఇంకా ఆవిడి మాటే ఇంటాయి."

అన్నాలు తిన్నాక రోజారమణి వాడి ఎదుట చాప మీద కూర్చుని బళ్ళో పంతులమ్మలాగ చెప్పింది. "తాతా, నార ఎంత బాగున్నా తడి ఉండకూడదు. జిగురుకీ నీళ్ళకీ పడదు. లోపల తడి ఉంటే జిగురు పట్టదు, బుడగలొస్తాయి, పొరలు ఊడిపోతాయి. చుక్క తడి కూడా ఉండకూడదు తాతా."

"సుక్క తడి ఉండదమ్మా," అన్నాడు దాలయ్య, చుట్ట వెలిగించుకుంటూ.

తడి మాట వచ్చేసరికి నాకు పాత రోజులు గుర్తొచ్చి నవ్వాగలేదు. మా చిన్నప్పుడు షావుకారు కాటా పట్టుకుని ఊళ్ళోకి వచ్చేవాడు. కాటా మీద వాడి బొటనవేలు ఎప్పుడూ ఉండేది. అందుకని మా నాన్న బరువు తూగేలా నారకట్టలకి నీళ్ళు కొట్టించేవాడు. నీళ్ళు కొట్టడమంటే బిందెతో గుమ్మరించడం కాదు. ప్రతి కట్టకీ నాలుగు చోట్ల బిగింపు ఉంటుంది. షావుకారు చెయ్యి పెట్టి చూసేది మొదట్లోనూ చివర్లోనూ. అందుకని మూడో కట్టు విప్పి, కట్ట గుండెలోకి నోటితో నీళ్ళు ఊదాలి. పిల్లి తుమ్మినంత సన్నగా. మళ్ళీ బిగించేస్తే పైకి ఎండ, లోపల వాన. మూడో కట్టు సంగతి కనిపెట్టింది నేనే. ఎనిమిదేళ్ళ వయసులో. దాలయ్యకి నేర్పిందీ నేనే. మొదటిసారి వాడు ఊదబోయి మింగేసి, ఉక్కిరిబిక్కిరై నా మీదే కక్కేశాడు.

"దొంగలు మామ్మా మీరు!" రోజారమణి పొట్ట పట్టుకుని నవ్వింది.

"దొంగతనమేటే? ఆడి బొటనేలు, మా నీళ్ళు. సరికి సరి. అది ఊరందరి పద్ధతి."

దాలయ్య కూడా నవ్వాడు. అటకెక్కి పోయినేడాది నార ఒక జడ తెచ్చి పిల్లకిచ్చాడు, చేసి చూసుకోమని. నేను చెంపకు ఆనించుకుని, "రెండెండలు కావాలి" అన్నాను.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కొత్త నార ఎంత కావాలో పిల్ల చెప్పాక, దాలయ్య "ఎండగానే నానే తెచ్చి దింపుతాను, పట్టుకెళ్ళండి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"తూకం ఏసి, చీటీ రాసి ఇయ్యి. కాలేజీ డబ్బులిస్తాది."

"ఇంటి ఆడపడుచుకి అమ్ముకునే ఖర్మేటప్పా నాకు?"

"ఊరందరికీ అమ్మట్లేదా? నాకు అమ్మితే తప్పేటి? నా మనవరాలు అడుక్కుని తెచ్చుకున్నాదని అనిపించుకోను."

నిజం చెప్పాలంటే అడుక్కోవడం, పరువు, అవేమీ కావు. చిన్నప్పటినుంచీ కాటాకి అమ్మే వైపే నిలబడ్డాను నేను. బొటనవేలు ఎక్కడుందో చూసుకుంటూ, తల వంచుకుని. ఒక్కసారి కొనే వైపు నిలబడాలని కోరిక పుట్టింది. వాడు నా ముఖం కాసేపు చూసి, "సరే, కాటా కడతాను" అన్నాడు.

*

అటక మీది నార మా డాబా మీద రెండెండలు ఎండింది. మూడోనాడు పొద్దున్న చెంపకు ఆనించుకుని, "ఇప్పుడు పట్టుకెళ్ళు" అన్నాను. రోజారమణి కాలేజీలో దాన్ని తూచి, పొయ్యిలాంటి పెట్టెలో, ఓవెనంటారు, అందులో పెట్టి, మళ్ళీ తూచిందట. సాయంత్రం వచ్చి నన్ను గిరగిరా తిప్పేసింది.

"దాదాపు తేడాయే రాలేదు మామ్మా! మా సార్ ఆశ్చర్యపోయారు. మా ల్యాబులో అందరూ ఏటంటన్నారో తెలుసా? మీ మామ్మ చెంప మీటరూ అని."

ఆ నారతో చేసిన పలక ఇంటికి తెచ్చింది. ఈసారి పొత్రం నేనే వదిలాను. పొత్రం ఎగిరి నా కాలి వేలి పక్కన పడింది. పలక మీద చిన్న తెల్లమచ్చ. అంతే. తిరుమలరావు దాన్ని నెత్తిన పెట్టుకుని వీధంతా తిరిగొచ్చి, "అమ్మా, దీనికి చెవులు కుట్టించు, టోపీ అయిపోద్ది" అన్నాడు. షాపులో చేరమన్న మాట ఆ రోజునుంచి మళ్ళీ ఎత్తలేదు.

పున్నమి ఇంకా వారం ఉందనగా దాలయ్య కొత్త నార తెచ్చాడు. భుజాన మోసుకొచ్చాడు, పైన ప్లాస్టిక్ గోనె చుట్టి. తూకం చీటీ నా చేతికిచ్చాడు. ఆ రోజు వంజరం చేప పులుసు పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు గానీ, ఎందుకో ఎక్కువ మాట్లాడలేదు. "ముసురు పట్టేలాగున్నాది" అని మూడింటి బండికే వెళ్ళిపోయాడు.

ముసురు పట్టనే పట్టింది. సముద్రంలో వాయుగుండమని టీవీలో చెప్పారు. యారాడ కొండ మూడ్రోజులు కనపడలేదు. కాలేజీలో కరెంటు వస్తూ పోతూ ఉంది. ఉన్నంతసేపూ ఓవెను వేరేవాళ్ళ సరుకుతో నిండి ఉంది. మర్నాటినుంచి పలకలు పోయకపోతే పున్నమి నాటికి గట్టిపడవు. రోజారమణి కట్ట ఒకటి ఎత్తి తెచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామ్మా, ఓవెన్లో పెట్టే వీల్లేదు. నువ్వు చూసి చెప్పు."

నేను కట్ట అందుకున్నాను. రంగు చూస్తే తేనె రంగు. మెత్తదనం చూస్తే పట్టు. చెంపకు ఆనించుకున్నాను.

చల్లగా తగిలింది.

ఎంతో కాదు. మంచినీళ్ళ గ్లాసు బయట తగిలినంత. ముసురు కదా అనుకున్నాను. గాలే చల్లగా ఉంది కదా. నా చెంపే చల్లబడిందేమో. దాలయ్య ఎనిమిదెండలు ఎండబెట్టానన్నాడు. ఎదురుగా అది నా నోటికేసి చూస్తోంది.

"బాగున్నాది," అన్నాను.

"చాలు మామ్మా." నా చెంప మీద ముద్దు పెట్టి కట్టలన్నీ ఎత్తుకుపోయింది.

*

పరీక్ష రోజు నన్నూ తీసుకెళ్ళింది. కొత్త చీర కట్టించింది. వాళ్ళ సుందర్ రాజ్ సార్ నాకు కుర్చీ వేయించి, "చెంప మీటరు మీరేనా అమ్మా? కూర్చోండి" అన్నారు. నవ్వుముఖం. మెళ్ళో చిన్న శిలువ. హైదరాబాదు ఆయన వయసులో చిన్నవాడే, చేతిలో ఫోను వదలడు. అరటినార కుర్రాడి పలక అప్పటికే అయిపోయిందట. నాలుగు దెబ్బలకి గుంట పడింది గానీ చిల్లు పడలేదు.

మిషనంటే ఎత్తైన ఇనుప చట్రం. పైన మొద్దు ముక్కు ఉన్న ఇనుప గుండు. కింద పలక బిగిస్తారు, గుండు వదులుతారు. మా పొత్రమే, కాకపోతే మీసాలు తిప్పుకున్న పొత్రం.

ముందు అటక మీది నారతో చేసిన పాత పలక పెట్టారు. గుండు పడింది. తుళ్ళింది. తెల్లమచ్చ. హైదరాబాదు ఆయన ఫోను జేబులో పెట్టుకుని వంగి చూశాడు. రోజారమణి నాకేసి చూసింది.

తరవాత కొత్త పలకలు.

మొదటి దాని మీద గుండు పడినప్పుడు తుళ్ళిన చప్పుడు రాలేదు. అప్పడం మీద కాలు పడ్డట్టు చిన్న చప్పుడు వచ్చింది. గుండు ముక్కు అవతలికి పోయింది. పలక ఒక మూలనించి పుస్తకం తెరుచుకున్నట్టు పొరలు పొరలుగా విచ్చుకుంది.

"ఇంకోటి పెట్టండి," అన్నారు సార్.

ఇంకోటి పెట్టారు. మూడోది పెట్టారు. నాలుగోది పెట్టబోతుంటే హైదరాబాదు ఆయన "పర్లేదు సార్, చాలు" అన్నాడు, చాలా మర్యాదగా. టీ తెచ్చారు. ఆయన నాకు కూడా ఇమ్మని చెప్పాడు.

సుందర్ రాజ్ సార్ విచ్చుకున్న పలకని వెలుగుకేసి పట్టి చూశారు. "మధ్యలో అంతా బుడగలే. తడి నార ఇది. రోజా, ఎక్కడిదమ్మా ఈ నార? ఎవరు చూశారు?"

నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నోరు తెరవొచ్చు. నాకు నోరుందని కూర్మన్నపాలెం అంతటికీ తెలుసు.

"నార మంచిదే సార్," అంది రోజారమణి. "నేనే ఓవెన్లో పెట్టలేదు. తొందరలో వదిలేశాను."

"వందసార్లు చెప్పాను కదమ్మా."

"అవును సార్."

బస్సులో నాకు కిటికీ సీటు ఇచ్చింది. గాజువాక దాటాక నా చెయ్యి పట్టుకుని, "నీ నారలో తప్పు లేదు మామ్మా. నానే జిగురు పాళ్ళు ఎక్కడో తప్పేసుంటాను. నువ్వేం మనసులో పెట్టుకోకు" అంది.

*

మర్నాడు అది కాలేజీకి పోయాక, మిగిలిన కట్ట ఒకటి డాబా మీదికి తీసుకెళ్ళాను. మొదటి కట్టు విప్పాను. తేనె రంగు. చివరి కట్టు విప్పాను. తేనె రంగు. రెండోది విప్పలేదు. మూడో కట్టు విప్పి, కట్ట గుండె రెండు చేతులతో చీల్చాను.

గుండ్రంగా, చిన్న చిన్న చుక్కలుగా బూజు. నోటితో ఊదిన నీళ్ళు ఎలా చిమ్ముతాయో అలాగే చిమ్మి ఉంది. పిల్లి తుమ్మినంత సన్నగా.

ఆ బిగింపు ముడి కూడా నాదే. ఎడమచేత్తో వేసే ముడి. మా ఇంట్లో ఇద్దరికే వచ్చు.

ఆ కట్ట సంచిలో పెట్టుకుని, కోడలికి చెప్పకుండా దువ్వాడ వెళ్ళి బండెక్కాను. దాలయ్య వాకిట్లో కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కట్ట తీసి వాడి ఒళ్ళో పడేశాను.

"ఇదేట్రా?"

వాడు విప్పి చూడలేదు. వేళ్ళతో తడిమాడు.

"బూజు," అన్నాడు.

"ఎక్కడ?"

"మూడో కట్టు కాడ."

కనీసం అబద్ధమైనా చెప్తాడనుకున్నాను. వానకి తడిసిందనో, బండిలో ఎవరో నీళ్ళు ఒలకబోశారనో. అబద్ధం చెప్తే కాస్సేపు తిట్టుకుని ఇంటికి పోదును.

"నాకెందుకు కొట్టావురా నీళ్ళు?"

"నీకు కొట్టలేదప్పా. కాటాకి కొట్టాను."

"కాటా అవతల నిలబడింది నాను కాదేటి?"

"కాలేజీ సొమ్మన్నావు. చీటీ రాయమన్నావు. నువ్వు ఒట్టినే పట్టుకెళ్తానంటే నీ మీదొట్టు, నోరు కూడా తడి సేసుకుందును కాదు. కాటా కట్టీసరికి..." తాడు కొసని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "అరవై ఏళ్ళనించి కాటా కనపడితే నోట్లోకి నీళ్ళు వొచ్చేత్తన్నాయి. ఏటి సెయ్యమంటావు?"

"సుక్క తడి ఉండకూడదని పిల్ల నీ ఎదురుగా కూకుని సెప్పలేదేట్రా?"

"సెప్పింది. సదువుకున్నోళ్ళు అలగే సెప్తారు అనుకున్నాను. సంచి కుడితే ఏటి, టోపీ సేత్తే ఏటి, నార నారే గదా."

"దాని బతుకురా అది."

వాడు తల దించుకున్నాడు. అక్కడితో ఆగితే నేను వాడిని ఎప్పటికో అప్పటికి మన్నించేద్దునేమో. కానీ వాడు తల ఎత్తి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"అయినా నువ్వు సెంపకి ఆనించుకోలేదేటప్పా? నీ దగ్గిర ఏ తడి దాగుద్ది? అప్ప సూసుకుంటాదిలే, తడుంటే ఎండేసుకుంటాదిలే అన్న ధైర్నంతోనే గదా నాను ఊదింది."

వాడి భార్య మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగలేదు. వీధి మలుపు దాకా వాడు ఒక నార జడ పట్టుకుని వెనకాలే వచ్చాడు. "ఇది అటక మీదదప్పా, పొడిది, డబ్బులొద్దు, పిల్లకియ్యి" అంటూ. నేను ఆటో ఎక్కేశాను. వాడు ఏడుస్తున్నాడో, పరిగెత్తి ఆయాసపడుతున్నాడో వెనక్కి తిరిగి చూడలేదు.

*

ఇంటికొచ్చేసరికి రోజారమణి డాబా మీద బట్టలు తీస్తోంది. నేను మెట్లెక్కి, ఆయాసం తీరేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ తరవాత మొత్తం చెప్పేశాను. మూడో కట్టు, బూజు, దాలయ్య అన్న మాటలు. జిగురు పాళ్ళు తప్పలేదని చెప్పాను. రేపు కాలేజీకి వచ్చి సార్‌తో నేనే చెప్తానన్నాను. దాలయ్యని నానా తిట్లూ తిట్టాను. తోడబుట్టినవాడు గొంతు కోశాడన్నాను.

అది బట్టలు మడత పెడుతూ విన్నది. వాళ్ళ నాన్న చొక్కా, కోడలి లంగా, నా చీర. నా చీర రెండు కొసలూ కలిపి పట్టుకుని అడిగింది.

"మామ్మా, ఆ రోజు నీ చెంపకి తెలిసిందా, తెలీలేదా?"

తెలీలేదనొచ్చు. ముసలిదాన్ని, చర్మం ముడతలు పడింది, తెలీలేదంటే ఎవరు కాదంటారు?

"తెలిసింది," అన్నాను.

అది చీర మడత పూర్తి చేసింది. మూలలు సరిచేసింది. మిగతా బట్టల మీద పెట్టి, "కింద టీ పెట్టింది అమ్మ" అని చెప్పి దిగిపోయింది.

మర్నాడు నేను కాలేజీకి వెళ్ళి సార్‌తో చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. హైదరాబాదు వాళ్ళు అరటినార కుర్రాడికి కాగితాలు పంపేశారని, రోజాకి ఇంకో ఆరునెలలు గడువు ఇప్పించగలనని అన్నారు. తిరుమలరావు షాపు మాట మళ్ళీ ఎత్తాడు. అది షాపులోనే చేరింది, పొద్దున్న కాలేజీ, సాయంత్రం గాజువాకలో సెల్‌ఫోన్ల షాపు. నాతో బాగానే ఉంటుంది. మాత్రలు గుర్తుచేస్తుంది, నా కాళ్ళకి నూనె రాస్తుంది. ఒక్క మాట తేడాగా అనలేదు. అంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మాఘమాసంలో దాలయ్య ఆ అటక మీది జడని ఎవరి చేతో పంపించాడు. చీటీ లేదు, తూకం లేదు. నేను పట్టుకోలేదు. రోజారమణి విప్పి డాబా మీద తీగకి వేసింది. రెండెండలు, మూడెండలు. ఎండలు బాగా కాస్తున్నాయి. మూడోనాటి సాయంత్రం షాపు నుంచి వచ్చి, బ్యాగులోంచి చిన్న డబ్బాలాంటిది తీసింది. కొసన రెండు సూదులున్నాయి. తడి కొలిచే మీటరట, మొదటి జీతంతో కొనుక్కుంది. సూదులు నారలో గుచ్చింది. డబ్బా మీద అంకె వెలిగింది. ఇంకో చోట గుచ్చింది. మూడో చోట, సరిగ్గా జడ మధ్యలో, గుచ్చి చాలాసేపు చూసింది.

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అది నార ఎత్తి చేతుల్లోకి తీసుకోగానే, అలవాటు చొప్పున ముఖం ముందుకు చాచాను.

అది నార చుట్ట చుట్టి, సంచిలో పెట్టుకుని, జిప్పు లాగింది.